తినని దెబ్బలు

కేజోన్ సిటీ
1998 ఫిబ్రవరి 2, సోమవారం

పురింగ్ పిన్నికి సెలీ రాస్తున్నది.

నువ్వు కుట్టి పంపిన రెండు బ్లౌజులూ అందాయి. నీలం రంగుది భుజాల దగ్గర బిగుతుగా ఉంది. నేను ఇంత లావవుతానని నువ్వు ఊహించలేదు, అంతే. ఇక్కడ నా ఉద్యోగమంతా కూర్చోవడం, చదవడం, తినడం, ఏడవడం. ఏడవడానికి కూడా జీతంలో భాగం ఉంది. మా టీవీలో గురువారం సాయంత్రం వచ్చే "మీ ఉత్తరం, మా కన్నీరు" కార్యక్రమానికి వారానికి ఆరేడు బస్తాల ఉత్తరాలు వస్తాయి. జనం వాళ్ళ బతుకులు రాసి పంపుతారు. వాటిలోంచి ఒకటి ఏరి గంట నాటకంగా రాయడం నా పని. నాలుగేళ్ళు సాహిత్యం చదివింది ఇందుకేనా అని నువ్వు అడక్కు. నేనే రోజుకోసారి అడుక్కుంటున్నాను.

మొదట్లో ఆ ఉత్తరాలు చదివి నిజంగానే ఏడ్చేదాన్ని. ఇప్పుడు ఒళ్ళు మండుతోంది. ఎందుకంటే పిన్నీ, వీళ్ళు తమ బతుకుని ఎలా బతికారో అలా రాయడం మానేశారు. మా నాటకం ఎలా ఉంటుందో అలా రాస్తున్నారు. ప్రతి ఉత్తరంలోనూ ఒక రాక్షసి లాంటి ఆడది, ఒక వాన, ఆస్పత్రి మంచం పక్కన ఒక క్షమాపణ. ఇలోయిలో అనే ఊరి నుంచి ఒకావిడ తన చెల్లెలికి కాన్సరని రాసింది. తన వేషం ఫలానా నటికే ఇవ్వాలట, చెల్లెలు పోయే దృశ్యంలో వాన పడుతూ ఉండాలట. ఆ చెల్లెలు ఇంకా బతికే ఉంది.

అందుకని నేనొక పని చేశాను. కోప్పడకు. బాబాయి పోయి ఎనిమిదేళ్ళయిన రోజున నువ్వు నాకు రాసిన పెద్ద ఉత్తరం ఉంది చూడు, నువ్వూ పానింగ్ అమ్మమ్మా ఇద్దరు విధవలు ఒక కుట్టు మిషను పెట్టుకుని ఎలా నెట్టుకొచ్చారో, మళ్ళీ పెళ్ళి చేసుకోమని ఆవిడే నిన్ను ఎలా సతాయించిందో రాశావే, అదే కథగా రాశాను. ఒక అత్తా కోడలూ నిజంగా ఒకరికొకరు తోడుగా ఉన్న కథ. ఈ దేశంలో టీవీలో ఎవరూ ఎప్పుడూ చూపించని వింత. పేర్లు మార్చాను. ఊరు చెప్పరు.

ఒక్క సంగతి ముందే చెప్పేస్తాను. మా ముఖ్య రచయిత మోన్చింగ్, మొదటి భాగంలో అత్తగారు కోడల్ని మూడుసార్లు కొట్టి తీరాలన్నాడు. చేపల దగ్గర బేరమాడినట్టు గంటసేపు వాదించి ఒక్క చెంపదెబ్బకి దించాను. ఆ ఒక్కటీ మన్నించండి ఇద్దరూ. ఈ నెల పన్నెండున వస్తుంది. అమ్మమ్మని ముందు వరసలో కూర్చోబెట్టు.

బ్లౌజుల్లో ఊపిరాడని నీ సెలీ

*

సాన్ రోకె, సోర్సోగోన్
ఫిబ్రవరి 15, ఆదివారం

సెలీ,

ముందు వరసలో కూర్చోబెట్టమన్నావు. కూర్చోబెట్టాను. ఆదివారం చర్చి పూజకి వేసుకునే బట్టలు వేసుకుని, తలకి కొబ్బరినూనె రాసుకుని కూర్చుంది. నా మనవరాలు రాసిన నాటకం అని వీధి వీధంతా పిలిచింది. ఇంట్లో ముప్ఫై మంది, కిటికీల దగ్గర ఇంకా అంతమంది. నేను పిలి గింజలు వేయించి పంచాను.

పదకొండు చెంపదెబ్బలు. నేను లెక్కపెట్టలేదు, పక్కింటి సియోనింగ్ లెక్కపెట్టి మర్నాడు నాకు చెప్పింది. నాటకంలో అత్త పెసలు పరిచి వాటి మీద కోడల్ని మోకాళ్ళ మీద నిలబెట్టింది. ఉడుకుతున్న గంజి చేతి మీద పోసింది. ఆ ముసలిదానికి దోన్యా కరిదాద్ అని పేరు, మెడలో ముత్యాలు. మా అత్తయ్యకి ముత్యాలెక్కడివే? సగం నాటకం దాకా అత్తయ్య నా మోచెయ్యి గిల్లుతూ, ఈ పాపిష్టిది ఎవరే, దీనికి నరకంలో కూడా చోటుండదు అంటూనే ఉంది. ఆఖర్న నా చేతిరాతతో ఉన్న ఉత్తరం చూపించారు. కింద నా పేరు, మన ఊరి పేరు, అరచేతులంత అక్షరాలు.

కుర్చీలు జరిగిన చప్పుడు వినిపించింది. గింజల పళ్ళెం అలాగే ఉండిపోయింది.

పొద్దున అత్తయ్య పూజకి వెళ్తుంటే దారిలో పిల్లలు ఎదురయ్యారు. రోజూ పరిగెత్తుకొచ్చి ఆశీర్వాదం కోసం ఆవిడ చెయ్యి నుదుటికి ఆనించుకునే పిల్లలు. ఆవిడ చెయ్యి చాచింది. వాళ్ళు వెనక్కి తగ్గారు. ఒకడు దోన్యా కరిదాద్ అన్నాడు. ఆవిడ చెయ్యి అలాగే చాచి ఎంతసేపు నిలబడిందో నేను చెప్పను. నువ్వు రచయిత్రివి కదా, ఊహించి రాసుకో.

నీకు ఒక్కదానికని రాసిన ఉత్తరమే అది. పదకొండేళ్ళు ఈ ఇంట్లో ఆవిడ చేతి అన్నం తిన్నావు. ఆ చెయ్యి నన్ను కొట్టడం ఒక్కసారి చూశావా?

పురింగ్

*

కేజోన్ సిటీ
ఫిబ్రవరి 23

పిన్నీ,

నీ ఉత్తరం చదివి తిన్నగా మోన్చింగ్ గదిలోకి వెళ్ళి బల్ల మీద విసిరాను. అతను దాన్ని చదివి ఏమన్నాడో తెలుసా? "బాగుంది, దీన్ని రెండో భాగంగా తీయచ్చు" అన్నాడు.

నేను రాసింది ఒకటి, వాళ్ళు తీసింది ఒకటి. షూటింగు రోజున నన్ను గ్రంథాలయానికి పంపి, ఆ వెనక మార్చేశారు. నా స్క్రిప్టు నకలు ఇందులో పెడుతున్నాను. నువ్వే చూసుకో, పెసలు లేవు, గంజి లేదు. నీ చేతిరాత చూపించింది కూడా నా సొరుగులోంచి తీసుకునే. అడిగితే, నిజమైన ఉత్తరం చూపించకపోతే జనం నమ్మరు అన్నారు. అబద్ధాన్ని నమ్మించడానికి నిజమైన కాయితం కావాలట వీళ్ళకి.

కానీ పిన్నీ, నీ మీద కూడా నాకు కోపంగా ఉంది. ముప్ఫై మంది కుర్చీల్లోంచి లేచి వెళ్ళిపోతుంటే నువ్వేం చేస్తున్నావు? మా అత్తయ్య నన్ను ఒక్క దెబ్బ కొట్టలేదు అని ఒక్క మాట అనడానికి నోరు లేదా? బటన్లు తెగిన చొక్కా తెచ్చి కొత్తదే అన్నందుకు మేయరు పెళ్ళాన్ని వీధిలో నిలబెట్టి కడిగేశావు నువ్వు. ఆ నోరు ఏమైంది?

దోన్యా కరిదాద్ వేషం వేసినావిడ నిజానికి చాలా మెత్తని మనిషి. సెట్లో అందరికీ ఇంటినుంచి వేరుశనక్కాయలు తెస్తుంది. పోయిన నెల బజారులో చేపలమ్మే మనిషి ఆవిడ మొహం మీద చేపల తొట్టిలో నీళ్ళు కొట్టింది, ఏదో సీరియల్లో పసిపిల్లని అమ్మేసినందుకు. ఆవిడ మొహం తుడుచుకుని, "అంటే బాగా చేశానన్నమాట" అంది. మేమందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఇప్పుడు ఆ నవ్వు తల్చుకుంటే నోరు చేదెక్కుతోంది. ఆవిడకి నటన అనే సాకుంది, ఇంటికెళ్తే తలుపేసుకోవచ్చు. పానింగ్ అమ్మమ్మకి ఏముంది?

సమాధానం కావాలి నాకు. తిట్లు కాదు.

సెలీ

*

సాన్ రోకె
మార్చి 3

సెలీ,

నోరు ఉంది. నీకంటే పెద్దదే. చెప్పాను. బజారులో చెప్పాను, కొళాయి దగ్గర చెప్పాను, విభూది బుధవారం నాడు నుదుటి మీద బూడిదతో చర్చి మెట్ల మీద నిలబడి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నా వీపు నిమిరారు. పాపం పురింగ్, భయంతో దాస్తోంది, ఆ నాటకంలో కోడలు కూడా ఇలాగే దాచింది కదా అన్నారు. సియోనింగ్ అయితే మా వంటింట్లోకి దూరి పెసల డబ్బా తీసుకుపోయింది, మళ్ళీ నన్ను వాటి మీద నిలబెట్టకుండా. నవ్వొస్తోందా? నాకు ఆ రోజు వంటకి పెసలు లేవు.

నీ స్క్రిప్టు చదివాను. పెసలు లేవు, గంజి లేదు, నిజమే. చెంపదెబ్బ ఉంది. నాలుగో పేజీలో, నీ అక్షరాల్లో.

ఇప్పుడు అసలు సంగతి విను. శ్రమల వారం పబాసా నుంచి అత్తయ్యని తీసేశారు. నలభై ఒక్క సంవత్సరాలు ఆ పాటకి ముందు గొంతు ఆవిడది. క్రీస్తు పడిన పాట్లన్నీ పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా, పగలూ రాత్రీ ఆపకుండా ఆడవాళ్ళు వంతులేసుకుని పాడతారు కదా, అందులో ఎవరి గొంతు జారినా ఆవిడ అందుకునేది. పుస్తకం చూడదు. సంఘం వాళ్ళు ఆదివారం ఇంటికొచ్చి, తపస్సు కాలంలో జనం ఏమనుకుంటారో అని నసిగి, ఈసారికి సియోనింగ్ ముందు పాడుతుందని చెప్పారు. సియోనింగ్ గొంతు నీకు తెలుసు. అత్తయ్య వాళ్ళకి అల్లం టీ ఇచ్చింది. వాళ్ళు తాగలేదు, తాగొచ్చా అన్నట్టు నా మొహం చూశారు.

అంతకంటే పెద్ద సంగతి ఇంకోటుంది. నిన్న బట్టలు మడతపెడుతుంటే అత్తయ్య అడిగింది, "ఆ గంజి ఎప్పుడు పోశానే పురింగ్, మీ పెళ్ళయిన కొత్తలోనా?" అని.

డెబ్భైతొమ్మిదేళ్ళావిడ. ఈ మధ్య పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండటం లేదు. ఒకసారి అన్నం మాడ్చానని మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఇరవై ఏళ్ళలో మా మధ్య జరిగిన ఘోరం అదొక్కటే. ఇప్పుడు ఆవిడ ఆ మూడు రోజుల్లోకి మీ నాటకమంతా ఇరికించుకుంటోంది. నేను లేదు అత్తయ్యా అంటే, నువ్వు మంచిదానివి, అందుకే అలా అంటావు అంటోంది. ఊరు నమ్మితే ఓర్చుకున్నాను. ఆవిడే నమ్మితే ఏం చెయ్యను?

పబాసా ఏప్రిల్ ఆరో తారీకున మొదలవుతుంది. ఆవిడ గొంతు ఆవిడకి తిరిగి ఇప్పించు. నువ్వే తీసుకున్నావు.

పురింగ్

*

కేజోన్ సిటీ
మార్చి 10

పిన్నీ,

నాలుగో పేజీ. అవును. ఆ ఒక్కదానికి ఒప్పుకోకపోతే ఉద్యోగం పోతుందనుకున్నాను, ఒప్పుకుంటే మిగతా కథ దక్కుతుందనుకున్నాను. తలుపు సందులో కాలు పెట్టనిచ్చి, మనిషి ఇంట్లోకి వచ్చాడని ఏడుస్తున్నాను.

మోన్చింగ్‌ని తప్పు ఒప్పుకుని ప్రకటన వెయ్యమన్నాను. అరనిమిషం చాలు, ఆ అత్తగారు ఎవరినీ కొట్టలేదు అని చదివితే చాలు అన్నాను. అతను కాఫీ కలుపుకుంటూ చాలా ఓపిగ్గా నాకు పాఠం చెప్పాడు. "కొట్టలేదంటే జనం మనల్ని ఛీ అంటారు, ఆవిడని మాత్రం నమ్మరు. కొట్టింది, ఇప్పుడు పశ్చాత్తాపపడింది అంటే ఆవిడని నెత్తిన పెట్టుకుంటారు. మన జనానికి తప్పు చెయ్యని మనిషితో పనిలేదు సెలీ, తప్పు చేసి మోకాళ్ళ మీద పడే మనిషి కావాలి."

అతని పథకం ఇది. శ్రమల వారానికి ముందు గురువారం, అంటే ఏప్రిల్ రెండున ప్రత్యేక కార్యక్రమం, స్టూడియోలోంచి నేరుగా. పానింగ్ అమ్మమ్మని వేదిక మీద మోకరిల్లబెడతారు. ఆవిడ నీ కాళ్ళు పట్టుకుంటుంది. నువ్వు లేవదీసి కౌగిలించుకుంటావు. పై నుంచి కాయితం పువ్వులు రాలతాయి. పువ్వుల సంగతి అతను రెండుసార్లు చెప్పాడు.

అన్నిటికంటే కోపం ఎందుకొచ్చిందంటే, అతను చెప్పింది నిజమని నాకు తెలుసు. మన దేశమంతా అలాగే తయారైంది. మధ్యాహ్నం ఆట కార్యక్రమాల్లో బీదవాడు ముందు తన ఆకలి కథ చెప్పి ఏడిస్తేనే ఆడనిస్తారు. ఏడుపు బాగా రానివాణ్ణి వెనక్కి పంపేస్తారు. మా ఇంటి పక్క ఫాదర్ పోయిన వారం ముగ్గురు ఆడపిల్లలకి జ్ఞానస్నానం ఇచ్చాడు, ముగ్గురికీ ఆ మెక్సికో సీరియల్ నాయిక పేరే. ఎన్నికలొస్తున్నాయి, తెర మీద తుపాకీ పట్టిన ప్రతివాడూ నిలబడుతున్నాడు. మనం టీవీని చూడటం లేదు, అదే మనల్ని చూసి దిద్దుతోంది.

ఎవరొచ్చి ఏం చెప్పినా రావద్దు. అమ్మమ్మని ఇల్లు కదలనివ్వద్దు. నేను వేరే దారి చూస్తాను.

సెలీ

*

సాన్ రోకె
మార్చి 18

సెలీ,

నీ ఉత్తరం నిన్న అందింది. వ్యాను మొన్ననే వచ్చి వెళ్ళింది. దానిమీద మీ కార్యక్రమం పేరు, పెద్ద కన్నీటి బొట్టు బొమ్మ. అందులోంచి దిగినవాడు నల్లకళ్ళద్దాలు తీయకుండానే, సెలీ గారే పంపారు అన్నాడు. నీ మనవరాలే నిన్ను పిలుస్తోంది అమ్మమ్మా అన్నాడు. ఒకపక్క మనిషిని పంపి ఒకపక్క రావద్దని రాస్తావు. మేం స్టూడియోకి వస్తే మా చెప్పులు చూసి నీ స్నేహితులు నవ్వుతారనా?

పోనీలే. ఆ మాట అత్తయ్య దగ్గర అనలేదు. ఆవిడ వ్యాను వచ్చినప్పటి నుంచి వేరే మనిషిలా ఉంది. పిల్లలు వ్యాను చుట్టూ మూగారు కదా, ఆ గుంపులోనే ఒకమ్మాయి మరిచిపోయి ఆవిడ చెయ్యి నుదుటికి ఆనించుకుంది. ఆ సాయంత్రం ఆవిడ రెండు ముద్దలు ఎక్కువ తింది.

నేను చెప్పి చూశాను. అత్తయ్యా, చెయ్యని తప్పుకి మోకరిల్లడం ఏమిటి అన్నాను. ఆవిడ ఇలా అంది. "క్షమించమని అడిగితే క్షమించేస్తారట. చెయ్యలేదంటే ఎవరూ వినడం లేదు కదే."

ఇంకేం చెప్పను? సంఘం వాళ్ళు కూడా అదే అన్నారు. టీవీలో క్షమాపణ అడిగితే పబాసా కుర్చీ మళ్ళీ ఇస్తారట. ఫాదర్ కూడా మంచిదే అన్నాడు.

నీకు వేరే దారి ఉందన్నావు. అదేమిటో ఒక్క ముక్క రాయలేదు.

చెప్పులు కొత్తవి కొంటున్న నీ పిన్ని

*

కేజోన్ సిటీ
మార్చి 23

పిన్నీ,

నేను ఎవరినీ పంపలేదు. వాడు అబద్ధమాడాడు. అబద్ధం వాళ్ళకి జీతంతో పాటు వచ్చే భత్యం. చెప్పుల మాట ఎలా అన్నావు నువ్వు? కాలేజీకి నువ్వు కుట్టిన గౌన్లే వేసుకుని నాలుగేళ్ళు తలెత్తుకు తిరిగాను. ఆ మాటకి నిన్ను క్షమించను, మోకరిల్లినా సరే.

వేరే దారి అన్నది ఇది. మూడు పత్రికలకి జరిగింది జరిగినట్టు రాసి పంపాను. రెండు జవాబివ్వలేదు. మూడోది సినిమా పత్రిక. వాళ్ళు వేసుకుంటామన్నారు, దోన్యా కరిదాద్ వేసినావిడ ఫోటో ఉంటేనే.

కాబట్టి ఇంక ఒకే దారి ఉంది, అది నీ చేతిలో ఉంది. ఆ రోజు కార్యక్రమం నేరుగా వస్తుంది, కత్తిరించడానికి వీలుండదు. యాంకరమ్మ మైకు నీ నోటి దగ్గర పెడుతుంది. అప్పుడు చెప్పు. ఈవిడ నన్ను ఎప్పుడూ కొట్టలేదు, ఇదంతా వీళ్ళ కల్పన అని చెప్పు. దేశమంతా వింటుంది. నేను వేదిక పక్కనే ఉంటాను.

సెలీ

*

సాన్ రోకె
మార్చి 30

సెలీ,

రేపు బస్సు ఎక్కుతున్నాం. నువ్వు చెప్పినట్టే చెప్తాను. ఆవిడ మోకరిల్లక ముందే చెప్తాను. నువ్వు నాకు కనిపించేలా నిలబడు, లేకపోతే ఆ దీపాల్లో నాకు నోరు పెగలదు.

పురింగ్

*

కేజోన్ సిటీ
ఏప్రిల్ 3, శుక్రవారం

పిన్నీ,

నన్ను గేటు లోపలికి రానివ్వలేదు. పత్రికలకి రాసిన సంగతి మోన్చింగ్‌కి తెలిసిపోయింది. సామాను ఒక అట్టపెట్టెలో పెట్టి గేటు దగ్గర ఇచ్చారు. ఆ పెట్టె చంకన పెట్టుకుని ఎదురుగా ఉన్న అన్నం హోటల్లోకి వెళ్ళేసరికి కార్యక్రమం మొదలైపోయింది, మిగతాది అక్కడ కూర్చుని టీవీలో చూశాను. జీప్నీ డ్రైవర్లు, నర్సులు, కూలీలు, అందరూ చెంచాలు వదిలేసి చూశారు.

పానింగ్ అమ్మమ్మ మోకాళ్ళ మీద కూలబడటం చూశాను. ఆ మోకాళ్ళకి నేను ఎన్నిసార్లు నూనె రాశానో నాకు తెలుసు. లేవలేక ఆవిడ నీ గౌను అంచు పట్టుకుంటే హోటలంతా బావురుమంది. నేను లేచి, అది అబద్ధం, ఆవిడ మా అమ్మమ్మ, ఎవరినీ కొట్టలేదు అని అరిచాను. హోటలావిడ గరిటె చూపించి, "మనసు లేనిదానా, ముసలమ్మ ఏడుస్తుంటే గోలేమిటి, కూర్చో" అంది.

కూర్చున్నాను. నీ కోసం. మైకు నీ నోటి దగ్గర పెట్టారు. నీ పెదాలు కదిలాయి, అంతే. వయొలిన్లు వినిపించాయి, పువ్వులు రాలాయి, ఆ వెంటనే సబ్బు ప్రకటన. బొప్పాయి సబ్బు, పది రోజుల్లో తెల్లబడతారట.

నువ్వేం గొణిగావు పిన్నీ? ఏమన్నావని? దేశమంతా వింటుంటే, మైకు చేతికిస్తే, నువ్వు నోరు మూసుకున్నావు. నేను లేనని భయపడ్డావా? లేక ఆ చప్పట్లు బాగున్నాయా? గేటు దగ్గర రెండు గంటలు నిలబడ్డాను. మీ వ్యాను నా పక్కనుంచే వెళ్ళింది. అద్దాలు నల్లవి. నువ్వు నన్ను చూశావో లేదో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

సెలీ

*

సాన్ రోకె
ఏప్రిల్ 14, మంగళవారం

సెలీ,

నీ ఉత్తరం ముక్కలు చేశాను. తర్వాత ఆ ముక్కలు బల్ల మీద పేర్చుకున్నాను, ఒక్కదానికీ జవాబు ఎగ్గొట్టకూడదని.

మూడుసార్లు చెప్పాను. ఆవిడ మోకరిల్లక ముందే, నువ్వు ఆ టీవీ ముందుకి చేరకముందే, రెండుసార్లు అయ్యాయి. మా అత్తయ్య నన్ను ఎన్నడూ కొట్టలేదు అన్నాను. యాంకరమ్మ నా భుజం చుట్టూ చెయ్యి వేసి జనం వైపు తిరిగి, "చూశారా, ఈ రోజుకి కూడా అత్తగారి పరువు కాపాడుతోంది" అంది. చప్పట్లు. రెండోసారి గట్టిగా అన్నాను, గంజి లేదు, పెసలు లేవు, మీరు కల్పించారు అన్నాను. "ఇంత పెద్ద మనసు ఎక్కడైనా ఉందా" అంది. జనంలో ఒకావిడ లేచి నిలబడి గుండెలు బాదుకుంది. ఆవిడ మోకరిల్లాక మూడోసారి నోరు తెరిచేసరికి వయొలిన్లు ఎత్తుకున్నారు. నువ్వు విన్నది అదే. నీకోసం అంతా వెతికాను, ఆ దీపాల వెనక చీకటి తప్ప ఏమీ లేదు. వ్యానులో అత్తయ్య నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది, నేను కిటికీ వైపు చూడలేదు. చప్పట్లు బాగున్నాయా అని అడిగావు. ఆ మాట నేను చచ్చేదాకా ఉంటుంది, నీకూ నాకూ మధ్య.

ఇక్కడి సంగతి. ఊరి మొదట్లో బ్యాండు మేళంతో ఎదురొచ్చారు. పిల్లలు వరసకట్టి ఆవిడ చెయ్యి నుదుటికి ఆనించుకున్నారు. మేయరు పదవికి నిలబడ్డ మాజీ ఫైటింగుల హీరో కూడా ఆనించుకున్నాడు, ఫోటోగ్రాఫరు సరిగ్గా పడలేదంటే రెండోసారి ఆనించుకున్నాడు. సోమవారం పబాసా మొదలైంది. ముందు కుర్చీ ఆవిడదే. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బస్సుల్లో వచ్చారు. గొంతు ఏమాత్రం జారలేదు. సియోనింగ్ కూడా ఏడ్చింది.

కానీ వచ్చినవాళ్ళు పాట వినడానికి రాలేదు. వంతులు మారే మధ్యలో ఆకులో చుట్టి ఉడికించిన సుమన్ అన్నపు పొట్లాలు తింటూ, టీ తాగుతూ ఆవిడ చుట్టూ చేరి, గంజి ఎలా పోశావు అమ్మమ్మా అని అడిగేవాళ్ళు. ఆవిడ చెప్పేది. సోమవారం గంజి అంది. బుధవారానికి అది మరుగుతున్న నూనె అయింది. శుక్రవారం నాటికి నన్ను వానలో గుమ్మం బయట నిలబెట్టిన కథ కూడా వచ్చింది. చాలా బాగా చెప్తుంది సెలీ. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో ఆవిడకి తెలుసు. నలభై ఏళ్ళు క్రీస్తు పాట్లు పాడిన గొంతు. వినేవాళ్ళు చేతిగుడ్డలతో కళ్ళు తుడుచుకుని, నా వైపు జాలిగా చూసి, ఆవిడకి ఇంకో సుమన్ విప్పి ఇచ్చేవాళ్ళు. నేను గోడకి ఆనుకుని నిలబడి, ఎప్పుడూ తినని దెబ్బలన్నీ వరసగా విన్నాను.

ఈస్టరు నాడు పూజ నుంచి వచ్చాక ఆవిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. మచ్చ చూపించమంది. ఏ మచ్చ అత్తయ్యా అన్నాను. గంజి మచ్చ అంది. లేదన్నాను. నా రెండు చేతులూ తిప్పి తిప్పి చూసింది. బ్లౌజు చేతులు పైకి మడిచి చూసింది. ఆవిడ మొహంలోకి భయం రావడం చూశాను. ఈ రెండు నెలల్లో ఊరంతా వెలేసినప్పుడు కూడా రాని భయం.

"లేకపోతే వాళ్ళు నన్ను దేనికి క్షమించినట్టే?" అంది. "అది నాది కాదేమో పురింగ్. ఇంకెవరిదో నేను తెచ్చేసుకున్నానేమో. తిరిగి ఇచ్చెయ్యాలేమో."

తిరిగి ఇచ్చెయ్యాలంటే కుర్చీ ఇచ్చెయ్యాలి, పిల్లల్ని ఇచ్చెయ్యాలి. ఆవిడ అప్పుడే లేచి చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టింది, ఫాదర్ దగ్గరికి వెళ్ళి చెప్పడానికి. ఆవిడ తనంతట తానుగా నిజం దగ్గరికి వచ్చేసింది, సెలీ. గుమ్మం దాకా వచ్చింది. నేను తలుపు తీస్తే చాలు.

నేను ముంజెయ్యి చాచాను. పోయిన జూన్‌లో స్కూలు యూనిఫారాలు కుట్టేటప్పుడు ఇస్త్రీపెట్టె తగిలి కాలిన మచ్చ ఉంది, అది చూపించాను. ఇదే అత్తయ్యా అన్నాను. ఆవిడ దాని మీద వేలు పెట్టింది. నొప్పిగా ఉందా అంది. ఇప్పుడు లేదు అన్నాను. దాన్ని ముద్దు పెట్టుకుని, చెప్పులు వదిలేసి, పడుకుంది. హాయిగా నిద్రపోయింది.

నీ మోన్చింగ్ ఆవిడని దీపాల ముందు నేరస్తురాల్ని చేశాడు. నేను పట్టపగలు, మా ఇంట్లో, ఆవిడకి నేనొక్కదాన్నే మిగిలి ఉండగా చేశాను. నన్ను తిట్టాలంటే ఇక్కడికి వచ్చి తిట్టు. ఆవిడ నీకు కూడా ఆ కథ చెప్తుంది. కూర్చుని మొత్తం విను, మధ్యలో లేవకు.

పురింగ్